పునరావాసమా, మనిషి యగుటయా?
క్యాన్సరు నుండి కోలుకొనువారిని గూర్చిన తెలుగు పరిభాషపై విమర్శ

వ్యాధికి పేరు పెట్టుట వైద్యశాస్త్రము పని. వ్యాధి తగ్గిన పిదప ఆ మనుష్యుని ఏమని పిలువవలెను, అతని స్థితిని ఏ మాటతో చెప్పవలెను అను ప్రశ్న భాషాసాహిత్యములకు సంబంధించినది. క్యాన్సరు విషయమున ఈ రెండవ ప్రశ్నను మన విమర్శకులు తగినంతగా పట్టించుకొనలేదని మా అభిప్రాయము. చికిత్స ముగించుకొని ఇల్లు చేరినవారికి శరీరబలము, మనోధైర్యము, తోటివారి ఆదరణ మరల సమకూర్చు పనికి నేడు ఆసుపత్రుల పత్రములందును పత్రికలందును 'పునరావాసము' అను మాట వాడుచున్నారు. ఆ మనుష్యులను 'బాధితులు' అని గాని 'విజేతలు' అని గాని వ్యవహరించుచున్నారు. ఈ మాటలు తాము చెప్పదలచిన స్థితిని చెప్పగలుగుచున్నవా యని పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పరిశీలనకు పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలను క్షేత్రముగ గ్రహించితిమి. 2016 అక్టోబరులో జరిగిన విభజనచేతను, తరువాత నారాయణపేట ఏర్పాటుచేతను ఈ రెండును ఎనిమిది జిల్లాలైనవి. అయినను జనుల పలుకుబడిలో అవి ఇంకను నల్లగొండ, పాలమూరులే. ఈ క్షేత్రమును ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. 'పునరావాసము' అను మాటకు ఇచ్చటి జనులు మూల్యము చెల్లించి అర్థము తెలిసికొన్నవారగుట మొదటిది. మాటలను, సామెతలను, ఆచారములను చరిత్రకు ఆధారములుగ స్వీకరింపవచ్చునని 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించి చూపిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ పాలమూరు సీమవారే యగుట రెండవది. వారు చూపిన పద్ధతి మాకు ఈ చిన్న విషయమున గూడ దారి చూపుచున్నది.

1. వ్యాధికి పేర్లు

క్యాన్సరునకు తెలుగున పేర్లు లేకపోలేదు. 'రాచపుండు', 'పుట్టకురుపు' అనునవి జనవ్యవహారములోనివి. 'అర్బుదము', 'కర్కటవ్రణము' అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. రాచబాట, రాచనగరు అను మాటలందువలె రాచపుండులోని 'రాచ' ఆధిక్యమును తెలుపును. నల్లగొండవారికి రాచకొండ దుర్గము ఎరుకపడినదే కావున ఈ విశేషణము బరువు వేరుగ చెప్ప నక్కరలేదు. క్షయను 'రాజయక్ష్మ' మని సంస్కృత వైద్యులు వ్యవహరించుటయు ఇట్టిదే. ప్రజ తాను ఎదిరింపజాలని దానికి రాజపదవి నిచ్చినది. పుట్టకురుపు అను మాటలో పైకి ఒక కుప్పగ కనబడుచు లోపల అనేక మార్గములుగ తొలిచికొనిపోవు చెదలపుట్ట స్ఫురించుచున్నది. గ్రీకు వైద్యులు కణితిచుట్టు ఉబ్బిన రక్తనాళములను ఎండ్రకాయ కాళ్ళతో పోల్చి 'కార్కినోస్' అన్నారు. అదియే లాటినున క్యాన్సరైనది.

సుశ్రుతుడు నిదానస్థానమున అర్బుదములను చెప్పుచు, ఒకటి పుట్టిన చోటనే మరియొకటి పుట్టినయెడల దానిని 'అధ్యర్బుదము' అని వేరుగ పేర్కొన్నాడు. వ్యాధి తిరుగబెట్టుటకు శాస్త్రమున ఆనాడే పేరు కలదన్నమాట. కాని తిరుగబెట్టునేమో యను భయముతో సంవత్సరముల తరబడి బ్రతుకు మనుష్యునికి పేరు లేదు. పైన చెప్పిన పేర్లన్నియు కణితికి సంబంధించినవి. వానిలో ఒక్కటియు దానిని మోసిన మనుష్యుని గూర్చినది కాదు.

పేరు లేకున్న నేమి లోటని అడుగవచ్చును. మన భాషయే సమాధానము చెప్పుచున్నది. ప్రసవించిన స్త్రీ కొంతకాలము రోగియు కాదు, పూర్వమువలె పనిచేయు గృహిణియు కాదు. ఆ నడిమి కాలమునందలి ఆమెకు తెలుగు 'బాలింత' యని పేరిచ్చినది. పేరుతోపాటు పథ్యము, స్నానము, విశ్రాంతి, పుట్టింట నుండు హక్కు, వచ్చిపోవు బంధువులు సమకూడిరి. బాలింతను పనికి పంపిన అత్తను ఊరు నిందించును. అనగా ఒక స్థితికి పేరుండుట ఆ స్థితిలోనివారికి రక్షణ. చికిత్స ముగిసినను పూర్వపు బలము చేకూరని క్యాన్సరు రోగిది సరిగా అట్టి నడిమి కాలము. దానికి పేరు లేనందున ఇంటివారు రెండే చూపులతో చూతురు. 'ఇంకను రోగియే' యని మంచమున కూర్చుండబెట్టుట ఒకటి, 'నయమైనది గదా' యని మరునాడే చేనికి పంపుట మరియొకటి.

2. బాధితుడు, విజేత

పత్రికాభాష ఈ లోటును పూరింపబూని రెండు మాటలను తెచ్చినది. చికిత్స సాగుచున్నంతకాలము అతడు 'క్యాన్సరు బాధితుడు'. ముగిసిననాడు 'క్యాన్సరు విజేత'. ఈ రెండును ఒకే రూపకమునుండి పుట్టినవి. వ్యాధి శత్రువు, శరీరము రణరంగము, వైద్యుడు సేనాని. ఈ యుద్ధపరిభాష రోగులకు చేయు కీడును అమెరికా రచయిత్రి సూజన్ సాంటాగ్ 1978లోనే విమర్శించినది. ఆమె స్వయముగ రొమ్ము క్యాన్సరునకు చికిత్స పొందిన స్త్రీ.

'విజేత' యను మాట ధైర్యమునిచ్చుననుట సత్యమే. కొందరు తమకు తామే ఆ పేరు పెట్టుకొందురు. దానిని కాదనుట మా పని కాదు. కాని ఒకరిని విజేత యన్నప్పుడు, వ్యాధి తిరుగబెట్టినవారు ఓడినవారగుదురు. ఓటమికి కారణము యోధుని అశక్తతయే యను భావము ఆ మాట వెంట వచ్చును. కణముల స్వభావము, వ్యాధి బయటపడిన దశ, చికిత్స అందిన తీరు నిర్ణయించు విషయమును రోగి మనోబలమునకు అంటగట్టుట న్యాయము కాదు. పైగా విజేతకు భయపడు హక్కు లేదు. నెలల కొకమారు పరీక్షకు పోవు ముందురాత్రి నిద్రపట్టని మనుష్యుడు ఆ బిరుదును మోయజాలడు.

తానును క్యాన్సరు రోగియైన వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్ 1985లో ఒక వైద్యపత్రికలో వ్రాసిన వ్యాసమున ఈ స్థితిని మూడు ఋతువులుగ విభజించినాడు. రోగనిర్ణయమును చికిత్సయు మొదటిది. చికిత్స ముగిసి, భయమును బలహీనతయు మిగిలియున్న కాలము రెండవది. వ్యాధి తిరుగబెట్టు అవకాశము సన్నగిల్లినను దాని జాడలతో జీవించు కాలము మూడవది. మన పత్రికల 'విజయము' మొదటి ఋతువు చివర వచ్చి, తక్కిన రెండింటిని కప్పివేయుచున్నది.

జనసామాన్యమునకు ఈ వ్యాధిని గూర్చిన కథలను చెప్పినది గ్రంథములకంటె చలనచిత్రములే. 'ప్రేమాభిషేకము' (1981)లో నాయకుడు తన క్యాన్సరు సంగతి తెలిసిన పిదప, ప్రియురాలి మనస్సు విరుగునట్లు చెడ్డవాడుగ నటించి తప్పుకొనును. 'మాతృదేవోభవ' (1993)లో తల్లి తన బిడ్డలను తలకొక ఇంటికి ఒప్పగించి కన్నుమూయును. 'చక్రము' (2005)లో నాయకుడు తన వ్యాధి తెలియనీక తనవారికి దూరముగ తొలగిపోవును. ఈ మూడింటను మరణము సమానమనుట పైకి తెలియు విషయము. మేము గమనింపగోరునది మరియొకటి. మూడింటను రోగి గొప్పదనము తప్పుకొనుటలో నున్నది. తనవారిని తనకు దూరము చేయుట, వ్యాధిని దాచుట, ఒంటరిగ భరించుట త్యాగముగ చిత్రింపబడినవి. 'గీతాంజలి' (1989) కొంత వేరు. అందు ఇరువురు రోగులు మిగిలిన దినములను కలిసి గడుప నిశ్చయించుకొందురు. మరణమును చూపకయే కథ ముగియును. అయినను చికిత్స తరువాత పది సంవత్సరములు బ్రతికి, పొలము దున్ని, బిడ్డ పెండ్లి చేసిన మనుష్యుని కథకు వీనిలో తావు లేదు. ఇట్టి కథలు విని పెరిగిన సమాజమున, రోగి తప్పుకొనకపోవుటయే స్వార్థముగ తోచు ప్రమాదము కలదు.

మన పురాణము ఈ విషయమున సినిమాకంటె లోతుగ చూచినది. దక్షుని శాపముచే చంద్రునికి యక్ష్మ సోకిన కథ భారతము శల్యపర్వమున కలదు. శాపము పూర్తిగ తొలగలేదు. నెలకు సగము క్షీణించి సగము వృద్ధిపొందునట్లు సడలినది. చంద్రుడు అమావాస్యకు ప్రభాసతీర్థమున మునిగి మరల కాంతిపొందును. అతడు బాధితుడు కాడు, ఏలన లోకమునకు వెన్నెల ఇచ్చుచునే యున్నాడు. విజేతయు కాడు, ఏలన క్షయము నెలనెలకు వచ్చుచునే యున్నది. తగ్గుట పెరుగుటలతో కూడిన జీవితమును అవమానముగ కాక ప్రకృతిధర్మముగ చెప్పిన కథ యిది. చికిత్స అనంతరము అలసిన దినములు, ఓపికగల దినములు మారి మారి వచ్చు మనుష్యునికి యుద్ధకథకంటె ఈ చంద్రుని కథ దగ్గరగ నున్నది.

3. 'పునరావాసము'

ఇక ప్రధానమైన మాటకు వత్తము. ఆంగ్లమున ఈ పనికి వాడు 'రిహాబిలిటేషన్' అను మాటకు లాటిను విశేషణము 'హాబిలిస్' మూలము. తగినవాడు, సమర్థుడు అని దాని అర్థము. మధ్యయుగపు లాటినున ఆ మాట, పోయిన పదవిని మర్యాదను తిరిగి ఇచ్చుటకు వాడబడినది. అనగా యోగ్యతను మరల కలిగించుట దాని భావము. నివసించుట యను అర్థముగల 'హాబిటారే' వేరు మాట. రెండింటికి దూరపు మూలము ఒక్కటియే యైనను అర్థములు ఏనాడో వేరుపడినవి. 'పునః+ఆవాసము' అను సమాసము ఈ రెండవదానికి సరిపోవును. ఇల్లు కోల్పోయినవారికి ఇల్లు చూపుట దాని భావము. శరణార్థుల విషయమున, మునిగిన గ్రామముల విషయమున ఆ మాట సార్థకము. దానినే వైద్యమునకు తెచ్చుటచే యోగ్యతను గూర్చిన ప్రశ్న నివాసమును గూర్చిన ప్రశ్నగ మారినది.

ఇది నిఘంటువులకు మాత్రమే సంబంధించిన విషయమైనయెడల విడిచిపెట్టెడివారము. కాని ఈ రెండు జిల్లాలలో ఆ మాటకు చరిత్ర కలదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. జలాశయము నిండిన పిదప నల్లగొండ, గుంటూరు జిల్లాల గ్రామములు కొన్ని నీటిపాలైనవి. 1963లో పునాది వేసిన శ్రీశైలము ఆనకట్ట కారణముగ 1981లో మహబూబునగరు, కర్నూలు జిల్లాల కృష్ణాతుంగభద్రాతీర గ్రామములు ఖాళీ చేయింపబడినవి. నేటికిని ఎత్తిపోతల జలాశయముల క్రింద ఊళ్ళు తరలుచునే యున్నవి. ఈ ప్రాంతమున 'పునరావాసము' అనగా తాతల ఊరు నీట మునిగి, గుట్టవార వరుసలుగ కట్టిన ఇండ్లకు పోవుట. పరిహారముకొరకు కచేరీల చుట్టు తిరుగుట. ఆసుపత్రి గోడపై అదే మాట చదివిన శ్రీశైలము నిర్వాసితునికి ఏమి స్ఫురించునో ఊహించుట కష్టము కాదు. పోయినది తిరిగి రాదు, మరియొకచోట సర్దుకొనవలెను అని.

అలంపురమునకు పోయిన విద్యార్థులు కూడవెల్లి సంగమేశ్వరాలయమును చూచియుందురు. జలాశయమున మునుగనున్న ఆ చాళుక్యదేవళమును రాతికి రాయి విప్పి తెచ్చి అలంపురమున మరల నిలిపినారు. అది నిజముగ పునరావాసమే. రాతిగుడిని అట్లు చేయవచ్చును. మనుష్యునికి తన శరీరము తప్ప వేరు చోటు లేదు. రొమ్ము తీసివేయబడిన స్త్రీ, కంఠము పోయిన పురుషుడు తాము మునుపున్న యింటనే, ఆ జనుల మధ్యనే, మారిన దేహముతో ఉండవలెను. వారికి కావలసినది మరియొక నివాసము కాదు. ఉన్న నివాసమున మునుపటి మర్యాద.

4. పరిభాష చూపని బ్రతుకు

ఈ మాటల వెనుక నున్న వస్తుస్థితిని కొంత చెప్పవలసియున్నది. నాగార్జునసాగరమునకు పునాది వేసిన 1955లోనే హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేర క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. 2000లో బసవతారకం ఆసుపత్రి వచ్చినది. ఈ జిల్లాల రోగులకు చిరకాలము రాజధానియే గతియైనది. రేడియేషను చికిత్స వారమునకు అయిదు దినములు, అయిదారు వారములు సాగును. ప్రతిదినము రాకపోకలు సాగింపజాలనివారు నగరముననే ఉండవలెను. తోడు వచ్చిన మనిషి కూలియు పోవును. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలుత మూడు జిల్లాలలో ఆరంభమైనప్పుడు వానిలో మహబూబునగరు ఒకటి. అనంతపురము, శ్రీకాకుళము తక్కినవి. పేదవాడు శస్త్రచికిత్సకు అప్పు చేయు అవసరమును ఆ పథకము ఎంతో తగ్గించినది. 2023 డిసెంబరులో తెలంగాణమున దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినారు. ధర కట్టిన చికిత్సల పట్టికయే అట్టి పథకమునకు ఆధారము. శస్త్రచికిత్సకు ధర కట్టవచ్చును. ఒక స్త్రీ తన భయమును చెప్పుకొనుచుండగా అరగంట వినుటకు ధర కట్టుట కష్టము.

చికిత్స తరువాతి బాధలు ఈ మెట్టభూముల బ్రతుకులో ప్రత్యేకరూపము తాల్చును. రొమ్ము క్యాన్సరునకు చంకలోని గ్రంథులను తీసివేసినవారికి చేయి వాచు అవకాశము కలదు. బరువులు, గాయములు, చీము పట్టుట దానిని పెంచును. కావున ఆ చేతిని కాపాడుకొనుమని, క్రమముగ వ్యాయామము చేయుమని, బిగుతు తొడుగు ధరింపుమని వైద్యులు చెప్పుదురు. వినుచున్నది ప్రత్తి ఏరు స్త్రీ, నాట్లు వేయు స్త్రీ. ముండ్లు గీయని పని, బురద తగులని పని ఆమెకు ఎచ్చట దొరకును? కొన్ని కీమోథెరపీ మందుల వలన అరికాళ్ళ స్పర్శ మందగించును. వట్టి కాళ్ళతో చేనిలో నడుచువానికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. నోటి క్యాన్సరు చికిత్స పొందినవారికి దవడ బిగిసి నోరు తెరచుకొనదు. దినదినము అభ్యాసము చేయనియెడల జొన్నరొట్టె నమలుటయే కష్టమగును. స్వరపేటిక పోయినవాడు కొత్తగ మాటలాడుట నేర్వవలెను. కటిభాగమున రేడియేషను పొందిన యువతికి ఋతుక్రమము ముందుగనే ఆగును. ఆ దుఃఖమును ఆమె అత్తింట చెప్పుకొనజాలదు.

దేశదేశములకు మట్టిపనికి వలసపోయిన 'పాలమూరు లేబరు' చరిత్ర తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చట మనుష్యుని యోగ్యత అతని కష్టములో నున్నది. పనికి పోలేనివాడు కూలి మాత్రమే కోల్పోడు. ముఠాలో తన చోటు, ఇంట తన మాట కోల్పోవును. 'హాబిలిస్' అను మాటలోని సమర్థత, మర్యాద అను రెండర్థములు ఈ జనుల జీవితమున విడదీయరానివి.

5. జనుల మాటలు

ఇట్టి స్థితిని చెప్పుటకు తెలుగున మాటలు లేవా? ఉన్నవి. అవి నామవాచకములు కాక క్రియలగుటచే పరిభాషాకర్తల దృష్టికి రాలేదు.

మొదటిది 'కోలుకొను'. మేలుకొను, వేడుకొను అను క్రియలనుండి మేలుకోలు, వేడికోలు వచ్చినట్లు, 'కోలు' అనగా గ్రహించుట. దానికి మరల 'కొను' చేరినది. పోయినదానిని కొంచెముకొంచెముగ తిరిగి తనది చేసికొనుట యను భావము ఇందు చెప్పుకొనవచ్చును. ఫలము కర్తకే చెందునని 'కొను' తెలుపుట వ్యాకరణము చదివినవారికి తెలిసినదే. కోలుకొనుటను ఒకడు మరియొకనికి చేసిపెట్టలేడు. పునరావాసమును ప్రభుత్వము 'కల్పించును'. కోలుకొనుట మనుష్యుడు తానే చేయును, ఇతరులు తోడ్పడుదురు.

రెండవది 'తేరుకొను'. కలక నీరు తేటపడుటను తేరుట యందురు. ఎండిన వాగులో చెలిమ తవ్వుకొని నీరు పట్టినవారు ఈ ప్రాంతమున నేటికిని గలరు. చెలిమలో ఊరిన నీరు మొదట కలకగ నుండును. దానిని కదల్పక విడిచినచో తేరును. దుఃఖమునుండి తేరుకొనుటకు గూడ వ్యవధి కావలెను. 'ధైర్యముగ నుండుము' అని గంటకొకమారు చెప్పుట నీటిని కదల్చుట వంటిది.

మూడవది ఈ జిల్లాల పలుకుబడియందలి 'పానము'. ప్రాణ శబ్దభవమైన ఈ మాటకు ఇచ్చట ఆయువని మాత్రమే కాక ఒంటి స్థితి, మనస్సు నెమ్మది అనియు అర్థము. 'పానం మంచిగున్నదా' అని అడుగునప్పుడు శరీరమును మనస్సును వేరు చేసి అడుగరు. నేటి వైద్యము మనస్సును శరీరమునకు జోడించుటకు ఒక క్రొత్త శాఖను నిర్మించుకొనవలసి వచ్చినది. 'పానం' ఆ రెండింటిని మొదటినుండియు విడదీయలేదు.

అన్నింటికంటె ముఖ్యమైనవి 'మనిషి యగు', 'మనుషులలో పడు' అను పలుకుబడులు. దీర్ఘవ్యాధినుండి లేచినవానిని గూర్చి 'మల్ల మనిషైండు' అందురు. నలుగురిలో తిరుగనారంభించినప్పుడు 'మనుషులల్ల పడ్డడు' అందురు. మొదటిది దేహమనస్సుల స్వస్థత. రెండవది సంఘములో తిరిగి చేరుట. ఒకదానితో నొకటి ముడిపడిన ఈ రెండే 'మనోసామాజిక' మను క్రొత్త సమాసము చెప్పబూనునది. రిహాబిలిటేషను అను మాటకు సమీపార్థము తెలుగున వెదకువారికి 'మరల మనిషి యగుట' కంటె దగ్గరిది దొరకదని మేము తలంచుచున్నాము. సినిమానాయకుని ఆదర్శము మనుషులలోనుండి తప్పుకొనుట. పల్లెమాట యొక్క ఆదర్శము మనుషులలో పడుట. ఈ రెండింటిలో ఏది ఆరోగ్యకరమో వేరుగ చెప్పనేల?

6. ఆలన

మనుషులలో పడుటకు మనుషులు చోటివ్వవలెను. ఇచ్చటనే చిక్కు కలదు. నల్లగొండకు వ్యాధిని గూర్చి బహిరంగముగ మాటలాడుట క్రొత్త కాదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల ఫ్లోరోసిస్ బాధితులు తమ వంగిన ఎముకలను లోకమునకు చూపిరి. నీటికొరకు ఉద్యమము నడిపిరి. అది ఊరి రోగము. నీరు దోషియని తెలిసినందున రోగికి సిగ్గు లేదు. క్యాన్సరు ఇంటి రోగమైనది. దోషి ఎవరో తెలియనప్పుడు రోగి కర్మము పైననో, అలవాట్ల పైననో, ఇంటి పైననో నేరము పడును. అంటురోగము కాదని తెలిసినను కొన్ని యిండ్లలో గ్లాసు వేరగును. కూతురి సంబంధము చెడునని పేరెత్తరు. పెద్దవారికి వారి రోగమే చెప్పరు. అది ప్రేమతో చేయు పనియే. కాని అందరు తెలిసి, రోగికి గూడ తెలిసి, ఎవ్వరును మాటలాడని ఇంట ఆ రోగి అందరికంటె ఒంటరి. కీమోథెరపీచే జుట్టు రాలినప్పుడు యాదగిరిగుట్ట మ్రొక్కని చెప్పుకొనుటకు వీలున్నది. ఆ మరుగు కావలసినవారికి సంఘము దానిని ఉంచవలసినదే. మరుగు అక్కర లేకుండ చెప్పుకొనగోరువారికి మాత్రము చెవి కావలెను.

తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలో నెలకొల్పిన ఉపశమన సేవలకు 'ఆలన' యని పేరు పెట్టినారు. ఆ పేరును ఎన్నుకొన్నవారిని మేము అభినందించుచున్నాము. 'ఆలన పాలన' యను జంటలో ఆలనను 'ఆలించు' క్రియతో ముడిపెట్టి చూచినయెడల దాని యర్థము వినుట. పాలనమునకు అధికారము కావలెను, ధనము కావలెను. ఆలనకు తీరిక, చెవి కావలెను. తీరని నొప్పిగలవారికి, అవసానమునందున్నవారికి ఏర్పడిన ఆ సేవ పేరులోని భావము చికిత్స ముగించి బ్రతుకుచున్నవారికిని వర్తింపవలెను. 'చికిత్స ముగిసినది, మూడు నెలలకు రండు' అని పంపిన దినమునుండి రోగి చుట్టునున్న జనము పలుచబడును. ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చి పలుకరించిన బంధువులు నయమైనదని విని రాకమానుదురు. సరిగా అప్పుడే భయము మొదలగును. ఆలన కావలసిన కాలమది.

7. ఆక్షేపములు, సమాధానములు

మాటలు మార్చినంతమాత్రమున చేయి వాపు తగ్గునా యని అడుగవచ్చును. తగ్గదు. వ్యాయామము నేర్పువారు, తొడుగు ఇచ్చువారు, దగ్గరలో వైద్యులు కావలెను. 2016లో మహబూబునగరునకు, 2019లో నల్లగొండ సూర్యాపేటలకు ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. బీబీనగరునకు ఎయిమ్స్ వచ్చినది. ఇట్టిచోట్ల ఆ పనులు జరుగవలెనని కోరుట న్యాయము. అయినను రోగికి ఆ వ్యాయామము నేర్పువాడు ఏదో ఒక భాషలో నేర్పును. 'పునరావాస ప్రక్రియలో భాగముగ' అని ఆరంభించిన కరపత్రము ప్రత్తి ఏరు స్త్రీకి అందదు. 'మరల మనిషి యగుటకు' అని ఆరంభించినది అందును.

స్థిరపడిన మాటను తొలగించుట సాధ్యమా యనునది రెండవ ఆక్షేపము. తొలగింపనక్కరలేదు. చట్టములందు, ఫలకములపై 'పునరావాసము' ఉండవచ్చును. మా కోరిక యింతే. రోగితో మాటలాడునప్పుడు, అతనికొరకు వ్రాయునప్పుడు అతని పలుకుబడిని వాడవలెను. మనుష్యుని పేర్కొనవలసి వచ్చినప్పుడు బాధితుడు, విజేత యను రెండు కొసలను వదలి, 'కోలుకొనుచున్నవారు' అను శత్రర్థక రూపమును గ్రహించవలెను. అది గెలుపోటములను చెప్పదు. సాగుచున్న పనిని చెప్పును. బాలింతకు వలె ఆ పేరుతోపాటు కొన్ని హక్కులు గూడ క్రమముగ చేరగలవని ఆశింపవచ్చును.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని చాల కలదు. ఈ ఎనిమిది జిల్లాలలో వ్యాధిని, నొప్పిని, నయమగుటను చెప్పు పలుకుబడులను కులవృత్తి భేదములతో సేకరింపవలెను. కోలుకొనుచున్నవారు అనుమతించినయెడల వారి కథనములను వారి మాటలలోనే వ్రాసికొనవలెను. పేర్లను బయటపెట్టరాదు. ఆసుపత్రుల కరపత్రములను భాషాదృష్టితో పరిశీలింపవలెను. మరణముతో ముగియని కథలు, నవలలు మన సాహిత్యమున ఎన్ని యున్నవో లెక్కింపవలెను. ఈ పని వైద్యులు చేయజాలరు, వారికి తీరిక లేదు. తెలుగు శాఖల పని యిది.

కథనము సేకరించుటకు పోయిన విద్యార్థి ముందుగ చేయవలసినది ప్రశ్నలు అడుగుట కాదు, కూర్చుండి వినుట. ఎదుటివారు తమ మాటలను తామే ఏరుకొని తమ కథను చెప్పుకొనుచుండగా మధ్యలో పరిభాషను అందింపకుండుట అలవరచుకొనవలెను. అట్లు వినుట పరిశోధనకు మొదటి మెట్టు. చెప్పుకొనుచున్నవారికి అది ఆలన గూడ నగును.